బస్తా నుంచి పొట్లం దాకా: హాస్టల్ మెస్సులో ఉప్పు తగ్గించిన డైరీ

ఇంకో క్యాంపస్‌లో ఎవరైనా ఇదే పని మొదలుపెడితే మేం పడ్డ గోతుల్లోనే మళ్ళీ పడకూడదని ఇది రాస్తున్నాను. నేను ఒక యూనివర్సిటీ ప్రజారోగ్య విభాగంలో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌ని. నాతో పాటు ఇద్దరు ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) విద్యార్థులు పనిచేశారు. చోటు అబ్బాయిల హాస్టల్ మెస్సు. పూటకు సగటున 412 మంది తింటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయినా, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అయినా చెప్పేది ఒకటే, పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల ఉప్పు మించకూడదని. మేం ఇంకా అక్కడికి చేరలేదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

దశ 1: పోస్టర్లు (1, 2 వారాలు)

మా క్లాసుల్లో 1986 నాటి ఒట్టావా చార్టర్ చెప్తారు, ఆరోగ్యాన్ని ఎలా పెంపొందించాలో చెప్పే అంతర్జాతీయ ప్రకటన, కెనడాలో వెలువడింది. మనిషికి బుద్ధి చెప్పడం ఒక్కటే చాలదని, మంచి అలవాటు తేలిగ్గా పట్టుబడేలా చుట్టూ ఉన్న పరిసరాలే మారాలని అందులో ఉంటుంది. 2015లో కెనడాలోనే విశ్వవిద్యాలయాల కోసం ప్రత్యేకంగా ఒకనాగన్ చార్టర్ వచ్చింది, అదీ ఇదే మాట అంటుంది. పరీక్షల్లో ఇవన్నీ రాసి పాసైన మేం, మెస్సుకి వెళ్ళి మొదట చేసిన పని పోస్టర్లు అంటించడం.

12 పోస్టర్లు, ఒక ఉపన్యాసం. సుమారు 60 మంది వచ్చారు, టీ సమోసా ఉంది కాబట్టి. ఆ సమోసాలు కూడా ఉప్పు కషాయంలా ఉన్నాయని ఒక కుర్రాడు వెనక నుంచి అరిచాడు. నిజమే.

రెండు వారాల తర్వాత ఫలితం చూద్దామని స్టోర్ రిజిస్టర్ తెరిస్తే "ఉప్పు, 1 బస్తా" అని మాత్రమే ఉంది. బస్తా తెరిచిన రోజు రాస్తారు తప్ప ఏ రోజు ఎంత వాడారో రాయరు. అంటే పోస్టర్లు పనిచేయలేదని చెప్పడానికి కూడా మా దగ్గర అంకె లేదు. కొలత లేకుండా పని మొదలుపెట్టడమే మా మొదటి తప్పు.

ఖర్చు: పోస్టర్లు 1,440 + టీ, సమోసా 2,300. మొత్తం: 3,740 రూపాయలు.

దశ 2: తూకం (3, 4 వారాలు)

850 రూపాయల కాటా కొన్నాం. 5 కిలోల దాకా, గ్రాము తేడాతో చూపిస్తుంది. పద్ధతి ఇది:

1. పొద్దున 6 గంటలకు, టిఫిన్ పని మొదలవకముందే వంటింట్లోని ఉప్పు డబ్బాలన్నీ తూచాలి.
2. మధ్యలో స్టోర్ నుంచి ఎంత తెచ్చి పోసినా తూచి రాయాలి.
3. రాత్రి తొమ్మిదిన్నరకు మళ్ళీ తూచాలి.
4. ఆ రోజు పూటపూటకూ తెగిన టోకెన్లు లెక్కపెట్టాలి.
5. పళ్ళేల్లో వదిలేసింది, గిన్నెల్లో మిగిలింది విడిగా తూచాలి.

చెప్పుకోవడానికి తేలిక. రెండో రోజే కాటాను తడి గట్టు మీద పెట్టారు, దాంతో అంకెలు వాటంతటవే పరుగులు పెట్టాయి. ఆ రోజు లెక్క పారేశాం. తర్వాత కాటా కింద ఒక చెక్కపీట వేశాం, సమస్య పోయింది.

అసలు తప్పులు వేరే. మొదటిది, వాడిన ఉప్పును హాస్టల్లో పేరున్న 520 మందితో భాగించాను. మనిషికి 8.7 గ్రాములు వచ్చింది, మా సార్‌కి పంపేశాను కూడా. ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు, బయట బిర్యానీ తినేవాళ్ళు, టిఫిన్ మానేసేవాళ్ళు ఉంటారన్న ఆలోచనే రాలేదు. టోకెన్ల లెక్కతో చేస్తే 10 దాటింది. సార్‌కి మళ్ళీ మెయిల్ పెట్టాల్సి వచ్చింది. ఇలాంటి మెయిల్ రాయడానికి పట్టే టైములో రెండు సార్లు తూకం వేయొచ్చు.

రెండోది నాకు తట్టలేదు, అంట్లు తోమే అక్క చెప్పింది. "ఆదివారం కోడి కడగడానికి ఎంత ఉప్పు పోస్తారో రాసుకున్నావా?" అని. చికెన్‌ను ఉప్పు, పసుపు వేసి కడుగుతారు, కాలీఫ్లవర్‌ను పురుగులు పోవడానికి ఉప్పు వేసిన వేడినీళ్ళలో నానబెడతారు. ఆ ఉప్పంతా కాలవలోకే పోతుంది. వారానికి 2.1 కిలోలు.

సరిచేసిన లెక్క ఇలా వచ్చింది:

వారంలో వాడిన ఉప్పు 31.5 కిలోలు. కడగడానికి పోయింది తీసేస్తే 29.4, అంటే రోజుకు 4.2 కిలోలు. అందులో వంటలోకి వెళ్ళేది 4.02, బల్లల మీది ఉప్పు గిన్నెల నుంచి వేసుకునేది 0.18. మనిషికి 10.2 గ్రాములు. పారేసిన కూరలు, చారు వంద పాళ్ళలో 12 పాళ్ళు, అది తీసేస్తే 9 గ్రాములు. దీనికి ఆవకాయలో ఉన్నది 0.67 గ్రాములు కలపాలి (రోజుకు రెండున్నర కిలోల ఆవకాయ పోతుంది, దాని ఉప్పు ఎలా తేల్చామో కింద రాశాను).

మొదలు: మనిషికి రోజుకు 9.6 గ్రాములు. ఖర్చు మొత్తం: 4,590.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 24 గంటల మూత్రం సేకరించి చేసిన ఒక అధ్యయనంలో సగటు 9 గ్రాముల పైనే వచ్చింది. దగ్గరగా ఉంది కదా అని మా విద్యార్థులు సంబరపడ్డారు. కానీ అది మూత్రంలో కొలిచిన లెక్క, మాది బస్తాలో కొలిచిన లెక్క. పక్కపక్కన పెట్టి మురిసిపోకూడదు.

దశ 3: గిన్నెలో ఎంతుంది? (5, 6 వారాలు)

బస్తా లెక్క మొత్తం చెబుతుంది, ఏ వంటలో ఎంతో చెప్పదు. అందుకని 1,100 పెట్టి టీడీఎస్ మీటర్ కొన్నాం, నీళ్ళలో ఎంత లవణం కరిగి ఉందో చూపించేది. దాన్ని సాంబారులో ముంచితే గీతలు తప్ప అంకె రాలేదు. ఒక శాతం ఉప్పు అంటే లీటరుకు 10,000 మిల్లీగ్రాములు, ఆ మీటరు అంతదాకా పోదు. పదింతలు పలచన చేశాం, అంకె వచ్చింది, ప్రతి వంటలోనూ అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చింది. రెండు రోజులు తలబద్దలు కొట్టుకున్నాక తెలిసింది, పలచన చేయడానికి వాడింది బోరు నీళ్ళు. ఆ నీళ్ళకే సొంతంగా 700 దాకా ఉంది! 20 లీటర్ల ఫిల్టర్ నీళ్ళ క్యాన్ 30 రూపాయలు, దానితో సర్దుకుంది.

మీటరు వాడేవాళ్ళకు నాలుగు జాగ్రత్తలు:

1. లీటరు నీళ్ళలో సరిగ్గా 1 గ్రాము ఉప్పు కలిపి ముందు దాన్ని చూడండి, మీటరు ఎంత చూపిస్తుందో రాసిపెట్టుకోండి.
2. శాంపిల్ గది వేడికి చల్లారాలి. వేడి పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 2 శాతం చొప్పున.
3. పైన తేలే నూనె తీసేయండి. మీటరు పుల్లలకు నూనె అంటితే అంకె పడిపోతుంది, ప్రతిసారీ సబ్బుతో కడగాలి.
4. చింతపండు, పప్పు కూడా మీటరును కొంచెం పైకి నెడతాయి. కాబట్టి వేరే పద్ధతితో ఒకసారి సరిచూడకుండా నమ్మొద్దు.

ఆ వేరే పద్ధతి కోసం కెమిస్ట్రీ విభాగానికి వెళ్ళాం. సిల్వర్ నైట్రేట్ ఖరీదైన సరుకు, వాళ్ళు ఒక లీటరు ద్రావణం ఉచితంగా కలిపి ఇచ్చారు. డిగ్రీలో అందరూ చేసే మోర్ పద్ధతే మొదలుపెట్టాం: పసుపుపచ్చ క్రోమేట్ వేసి, సిల్వర్ నైట్రేట్ చుక్కచుక్కగా పోస్తూ ఉంటే ఉప్పు అయిపోయిన క్షణాన ఇటుకరంగు వస్తుంది. కానీ సాంబారు పుల్లన, అంత పులుపులో క్రోమేట్ పనిచేయదు. సరే అని పులుపు విరగడానికి సోడియం కార్బొనేట్ వేశాను. సిల్వర్ నైట్రేట్ ఒక్క చుక్క పోయకముందే ఫ్లాస్క్ అంతా ఎర్రగా మారిపోయింది.

ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ల్యాబ్‌లో ఉన్న రీసెర్చ్ స్కాలర్ అక్క నవ్వి, "పెళ్ళిలో పారాణి ఎలా చేస్తారే?" అంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రనవుతుంది. సాంబారులో పసుపు ఉంది, నేను వేసింది క్షారం. మా అమ్మమ్మకు తెలిసిన కెమిస్ట్రీ నాకు తట్టలేదు.

ఆవిడే వోల్‌హార్డ్ పద్ధతి చూపించింది. అందులో అంతా నైట్రిక్ ఆమ్లంలోనే జరుగుతుంది కాబట్టి పసుపు పసుపుగానే ఉంటుంది. సిల్వర్ నైట్రేట్ కొంచెం ఎక్కువే పోసి, పేరుకున్న తెల్లని అవక్షేపాన్ని వడకట్టి, మిగిలిన వెండిని థయోసయనేట్ అనే రసాయనంతో లెక్కకట్టాలి. వడకట్టకుండా చేస్తే లెక్క తప్పుతుంది, అదీ ఒకసారి చేసి చూశాం.

సాంబారు 1.05 శాతం. అదే సాంబారుకు మీటరు 1.16 చూపించింది, అప్పటినుంచి మీటరు అంకెలో 0.1 తీసేసి రాసుకున్నాం. ఆవకాయ 11 శాతం.

మూత్రం కూడా కొలుద్దామని ఒక ప్రయత్నం చేశాం. తిన్న సోడియంలో చాలావరకు మూత్రంలోనే బయటికొస్తుంది కాబట్టి అదే నమ్మకమైన కొలత. ఎథిక్స్ అనుమతి తీసుకుని పదిమందికి పది క్యాన్లు ఇచ్చాం. క్యాన్ పట్టుకుని క్లాసుకు ఎవరెళ్తారు? 24 గంటలు పూర్తిగా తెచ్చినవాళ్ళు ముగ్గురే. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళలో మూడు నెలలకు బీపీ తేడా పట్టుకోవడం కష్టమని అదీ వదిలేశాం. తూకం, వోల్‌హార్డ్, ఈ రెండే మిగిలాయి.

ఖర్చు: మీటరు 1,100 + నీళ్ళు 30 + క్యాన్లు 450. మొత్తం: 6,170.

దశ 4: ఒక్కసారిగా 20 శాతం (7వ వారం, మూడు రోజులే)

ఇది పూర్తిగా నా ఆలోచన, తిట్లు కూడా నాకే రావాలి. స్టోర్ నుంచి వంటింటికి ఇచ్చే ఉప్పే 20 శాతం తగ్గించి ఇస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. రోజుకు 4.02 కిలోల బదులు 3.22.

వంటవాళ్ళు టిఫిన్‌కి, మధ్యాహ్నానికి ఎప్పటిలాగే వేశారు. వాళ్ళ చెయ్యి మారలేదు కదా. రెండున్నర కిలోలు అక్కడే అయిపోయాయి. మామూలుగా రాత్రి వంటకు కిలోన్నర పడుతుంది, ఆ రాత్రి డబ్బాలో 700 గ్రాములే మిగిలాయి. తగ్గించిన ఉప్పంతా రాత్రి భోజనం నెత్తినే పడింది. వంకాయ కూర గడ్డిలా ఉందట, చారు వేడినీళ్ళలా ఉందట. ఫిర్యాదుల పుస్తకంలో మూడు రోజుల్లో 31 ఫిర్యాదులు, అందులో రెండు పద్యాలు.

బల్లల మీది ఉప్పు రోజుకు 180 గ్రాముల నుంచి 590కి ఎగబాకింది. అంటే మేం తీసిన 800 గ్రాముల్లో సగం పిల్లలు మళ్ళీ వేసుకున్నారు. మిగతా సగంలో ఎంత గదుల్లో దాచుకున్న పచ్చళ్ళతో పూడిందో దేవుడికే తెలియాలి.

మూడోరోజు పెద్దమాస్టారు నన్ను పక్కకు పిలిచారు. గోదావరి జిల్లా మనిషి, పాతికేళ్ళుగా వంట చేస్తున్నారు.

"అమ్మా, ఉప్పు తక్కువైతే నన్ను తిడతారు. మిమ్మల్ని ఎవరూ తిట్టరు. ముందు నాకు చెప్పి చెయ్యాల్సింది."

"తప్పయింది మాస్టారూ."

"తప్పు ఒప్పు కాదమ్మా. నేను వేసేదెంతో నాకే తెలీదు. చెయ్యి చెప్తుంది, వేస్తాను. మీరు బస్తాని కొలిచారు, నా చెయ్యి కొలవలేదు."

దశ 5: దోసిలి (8, 9 వారాలు)

ఆ మర్నాడే చెయ్యి కొలిచాం. 60 లీటర్ల సాంబారుకు పెద్దమాస్టారు నాలుగు దోసిళ్ళ ఉప్పు వేస్తారు. పది దోసిళ్ళు విడివిడిగా తూచితే 140 నుంచి 165 గ్రాముల మధ్య వచ్చాయి, సగటు 155. నాలుగు వేస్తే 620. వోల్‌హార్డ్ ప్రకారం 60 లీటర్లలో ఉండాల్సింది 630. నేను నోరు తెరిచాను, ఆయన మాత్రం ఇందులో వింతేముందన్నట్టు చూశారు.

సాయంత్రం మాస్టర్ కుర్రాడు, పొడుగు మనిషి, పెద్ద చేతులు. ఆయన దోసిలి 185 నుంచి 230, సగటు 205. ఇద్దరూ "నాలుగు దోసిళ్ళే" అంటారు, తేడా 200 గ్రాములు. రాత్రి చారు ఎందుకు ఎప్పుడూ ఉప్పగా ఉంటుందో హాస్టల్లో మూడేళ్ళుగా నడుస్తున్న చర్చ, దానికి జవాబు దొరికింది.

దోసిలి బదులు 250 మిల్లీలీటర్ల స్టీలు కప్పులు నాలుగు ఇచ్చాం. కప్పు నిండా, పైన చదును చేసి పోస్తే 300 గ్రాములు. సాంబారుకు రెండు కప్పులు. వారం బాగా నడిచింది. తొమ్మిదోరోజు సాంబారు 0.82కి పడిపోయింది. అందరూ చప్పగా ఉందన్నారు, పెద్దమాస్టారు ఒక దోసిలి అదనంగా వేశారు, 1.07కి ఎగిరింది.

కారణం స్టోర్‌లో దొరికింది. మెత్తని ఉప్పు అయిపోయిందని సరుకులవాడు గళ్ళుప్పు దించి వెళ్ళాడు. గళ్ళ మధ్య గాలి ఉంటుంది, అదే కప్పులో 245 గ్రాములే పడుతుంది. కప్పు మారలేదు, ఉప్పు మారింది. పైగా దాన్ని అయోడిన్ స్పాట్ కిట్‌తో చూస్తే నీలంరంగు రానేలేదు. మనిషి తినడానికి అయోడిన్ లేని ఉప్పు అమ్మకూడదని దేశమంతా 2006 నుంచి నిషేధం ఉంది, కొనేవాడి చేతికి చేరేసరికి పది లక్షల పాళ్ళలో కనీసం 15 పాళ్ళు అయోడిన్ ఉండాలి. బస్తా వెనక్కి పంపించాం. ఉప్పు తగ్గిస్తున్నప్పుడు ఇది ఇంకా ముఖ్యం, తినే కొద్దిపాటి ఉప్పులోనైనా అయోడిన్ ఉండాలి కదా.

ఖర్చు: కప్పులు 640. మొత్తం: 6,810.

దశ 6: పొట్లాలు (10 నుంచి 17 వారాలు)

కొలగిన్నెలు వదిలేసి తూకానికి వచ్చేశాం. ముందురోజు సాయంత్రమే ఏ వంటకు ఎంత ఉప్పో తూచి కవర్లో కట్టి, మీద వంట పేరు రాసి పెట్టడం. రోజుకు 9 పొట్లాలు. ఇద్దరు కూర్చుంటే 25 నిమిషాలు. వంటాయనకు ఒకటే మాట: పొట్లం మొత్తం వేయండి, అవసరమైతే చేత్తో ఇంకా వేయండి, కానీ వేసింది పలక మీద గీత గీయండి. ఆ చివరి మాట వల్లే పెద్దమాస్టారు ఒప్పుకున్నారనుకుంటాను, వంట ఆయన చేతిలోనే ఉంటుంది కాబట్టి.

మొదటి వారం తగ్గించలేదు, పాత ఉప్పే పొట్లాల్లో కట్టాం. అలవాటు కావాలి.

తర్వాత ఎంత తగ్గిస్తే నాలుకకు తెలియదో చూడాలి. మూడు కప్పుల పరీక్ష చేశాం:

1. ఒక్కొక్కరికి మూడు పేపరు కప్పుల్లో సాంబారు, రెండింటిలో ఒకటే, మూడోదాంట్లో వేరేది.
2. వేరేది ఏదో చెప్పమనాలి. "తెలీదు" అనడానికి వీల్లేదు, గుడ్డిగానైనా ఒకటి చూపించాలి.
3. 24 మందిలో 8 మంది ఊరికే గుడ్డిగా చెప్పినా కరెక్టవుతారు. 13 మంది గుర్తుపడితేనే తేడా తెలుస్తోందని లెక్క.

20 శాతం తేడాను 19 మంది పట్టేశారు. 5 శాతం తేడాను 9 మంది. అంటే 5 శాతం ఎవరికీ తెలియట్లేదు. ఈ పరీక్ష దశ 4 కంటే ముందే చేసి ఉంటే ఆ రెండు పద్యాలు పడేవి కావు. బ్రిటన్‌లో రొట్టెల తయారీదార్లు ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా ఉప్పు తగ్గించుకుంటూ వచ్చింది ఈ సూత్రం మీదే.

చెప్పకుండా తగ్గించడం న్యాయమేనా అని ఎథిక్స్ కమిటీలో అడిగారు, అడగాల్సిందే. మెస్సు కమిటీ కుర్రాళ్ళతో కూర్చుని ఒప్పందం చేసుకున్నాం: ఈ సెమిస్టర్‌లో ఉప్పు మెల్లగా తగ్గుతుందని నోటీసు బోర్డులో పెడతాం, ఏ రోజు ఎంత అన్నది మాత్రం రాయం. "అక్కా, ఆదివారం చికెన్ జోలికి మాత్రం రావొద్దు" అన్నారు. సరేనన్నాను.

రెండు వారాలకోసారి 5 శాతం చొప్పున తగ్గించాం. 60 లీటర్ల సాంబారు పొట్లం ఎలా మారిందంటే:

మొదలు 630 గ్రాములు.
మొదటి కోత 600, ఫిర్యాదులు 0.
రెండో కోత 570, ఫిర్యాదులు 0. పలక మీద అదనపు గీతలు వారానికి 3.
మూడో కోత 540, ఫిర్యాదులు 2. వోల్‌హార్డ్‌లో 0.91 శాతం.
నాలుగో కోత 510, ఫిర్యాదులు 9. నాలుగు రోజుల్లో వెనక్కి తీసుకున్నాం.

నాలుగో కోత ఎందుకు తిరగబడిందో పలక చూస్తే తెలిసింది. ఆ వారం టమాటా ధర పెరిగి చారులో, కూరల్లో టమాటా సగానికి తగ్గించారు. పులుపు తగ్గితే ఉన్న ఉప్పు కూడా నాలుకకు ఆనదు. పెద్దమాస్టారు ఈ మాట నాకు రెండో వారంలోనే చెప్పారు, నా నోట్‌బుక్‌లో ఉంది, నేనే పట్టించుకోలేదు. ఆయన తనంతట తానే చేసిన మార్పులు కూడా రాస్తున్నాను, ఇవి మా ప్లాన్‌లో లేవు: వేపుళ్ళలో ఉప్పు మొదట్లో కాకుండా దించే ముందు చల్లడం, చారులో మిరియాలు, కొత్తిమీర పెంచడం, పల్లీ చట్నీలో నిమ్మరసం పిండడం. పులిహోర మాత్రం ముట్టుకోనివ్వలేదు. అన్నంలో కలిసే ఉప్పు తగ్గితే దాచుకోవడానికి చోటుండదన్నారు, అదీ నిజమే.

పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు ఎందుకు వాడలేదని చాలామంది అడిగారు. దానికి మంచి ఆధారాలే ఉన్నాయి. మన సిద్దిపేట దగ్గరి పల్లెల్లోనే బీపీ ఉన్నవాళ్ళతో చేసిన అధ్యయనంలో మూడు నెలలకు పై అంకె నాలుగున్నర పాయింట్ల దాకా తగ్గింది. చైనాలో 600 ఊళ్ళలో చేసి 2021లో వెలువరించిన పెద్ద అధ్యయనంలో పక్షవాతం కేసులు 14 శాతం తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో దీన్ని సూచించింది కూడా, కానీ ఇంట్లో వాడే ఉప్పు వరకే, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు, గర్భిణులకు, పిల్లలకు కాకుండా. 412 మందిలో ఎవరి కిడ్నీలు ఎలా ఉన్నాయో మాకు తెలియదు, తినేవాళ్ళకు వేరే గిన్నె ఉండదు. అందుకే వద్దనుకున్నాం.

ఖర్చు: కవర్లు, లేబుళ్ళు 870 + పేపరు కప్పులు 90. మొత్తం: 7,770.

దశ 7: ఉప్పు గిన్నె, ఆవకాయ (15, 16 వారాలు)

ఇది మూడో కోత నడుస్తున్నప్పుడు చేసింది. బల్లల మీద 26 ఉప్పు గిన్నెలు ఉండేవి. తీసేయలేదు, పెరుగు ఇచ్చే కౌంటర్ పక్కన రెండు పెట్టాం. కావాలంటే లేచి వెళ్ళాలి. 180 గ్రాములు 70 అయింది. ఒక్క ఫిర్యాదు రాలేదు. మొత్తం ప్రాజెక్టులో అతి తక్కువ కష్టంతో వచ్చిన ఫలితం ఇదే, పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. మొదటివారం పోస్టర్ల బదులు ఇది చేయాల్సింది.

ఇంత తేలిగ్గా అయిందని పొగరెక్కి ఆవకాయ మీద పడ్డాం. జాడీలో పెద్ద చెంచా తీసి సగం సైజు చెంచా పెట్టాం, ఆరు చెంచాలు 180 రూపాయలు. జనం రెండు చెంచాలు వేసుకున్నారు, కొందరు కోపంతో మూడు. రెండున్నర కిలోలు పోయే ఆవకాయ 2.7 కిలోలు పోయింది! క్యూ కూడా నెమ్మదించింది. ఐదోరోజు ఎవరో చిన్న చెంచాలన్నీ మాయం చేశారు. ఇప్పటికీ దొరకలేదు, మేమూ గట్టిగా వెతకలేదు. పాత చెంచా తిరిగొచ్చింది.

మొత్తం: 7,950.

దశ 8: ఇప్పుడు ఎక్కడున్నాం (18వ వారం)

మూడో కోత దగ్గర ఆగిన లెక్క: వంటలో రోజుకు 3.45 కిలోలు, కౌంటర్‌లో 0.07, మొత్తం 3.52. మనిషికి 8.5 గ్రాములు, పారేసింది తీస్తే 7.5, ఆవకాయ 0.67 ఎక్కడిదక్కడే.

మనిషికి రోజుకు: 9.6 నుంచి 8.2 గ్రాములు. పారేసే పాళ్ళు మళ్ళీ తూచితే అదే 12 వచ్చింది, అంటే రుచి నచ్చక ఎక్కువ పారబోయట్లేదు. గదుల్లో తినే చిప్స్, బయటి తిండి ఈ లెక్కలో లేవు.

మిగిలిన పనులు:

1. టమాటా ధర దిగాక నాలుగో కోత మళ్ళీ.
2. పొట్లాలు కట్టే పని మా విద్యార్థుల చేతిలోంచి స్టోర్‌వాళ్ళ చేతికి మార్చడం. మేం సెలవుపెట్టిన రెండు రోజులు దోసిలే నడిచింది.
3. అమ్మాయిల హాస్టల్ మెస్సులో తూకం. అక్కడ ముగ్గురు మాస్టర్లు, ముందు దోసిళ్ళు కొలవాలి.

ఈ వారం కొత్త తలనొప్పి వర్షాలు. ముసురుకి ఉప్పు చెమ్మగిల్లి పొట్లాల్లో గడ్డకడుతోంది. తడి ఉప్పును తూచితే అందులో నీళ్ళ బరువూ ఉంటుంది, 540 అని రాసిన పొట్లంలో నిజంగా ఎంత ఉప్పుందో చెప్పలేం. మూత గట్టిగా పడే డబ్బాలు రెండు కొన్నాం, 550 రూపాయలు, మొత్తం 8,500. అడుగున గుప్పెడు బియ్యం మూటకట్టి వేయమన్నారు పెద్దమాస్టారు. వేశాం. ఒక పొట్లం డబ్బాలో, ఒకటి బయట పెట్టి రోజూ తూస్తున్నాను. నిన్నటికి బయటిది 11 గ్రాములు పెరిగింది, డబ్బాలోది 2.

రేపు పొద్దున ఆరింటికి మళ్ళీ తూకం. కాటా బ్యాటరీలు మార్చాలి.